ఆగస్టులో శ్రీలంక సర్ఫింగ్: వెలిగమకు వెళ్లాలా, అరుగం బేకా?

నల్లకుంట_నీలిమ:
ఆగస్టు 15 సెలవు కలిసొచ్చేలా ఒక వారం శ్రీలంక వెళ్దామని నేనూ మావారూ అనుకుంటున్నాం. సర్ఫింగ్ నేర్చుకోవడమే పని. గుళ్లూ గోపురాలూ ఈసారికి పక్కన పెట్టాం. ఇద్దరికీ ఓనమాలు కూడా రావు. నాకు ఈత వచ్చు. ఆయన స్విమ్మింగ్ పూల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు చేరతారు, అంతే. చూసిన వీడియోలన్నీ వెలిగమవే. హోటల్‌కు డబ్బు కట్టేలోపు వెళ్లొచ్చినవాళ్లు ఒక మాట చెప్పండి.

భీమిలి_కెరటం:
ఆగండి, అప్పుడే కట్టకండి. ఆ వీడియోలు డిసెంబరు, జనవరి నెలల్లో తీసినవై ఉంటాయి. శ్రీలంకలో ముందు నెల చూసుకోవాలి, తర్వాతే ఊరు. నైరుతి తీరంలోని హిక్కడువ, అహంగమ, మిడిగమ, వెలిగమ బాగుండేది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు నేరుగా ఆ తీరానికే తగులుతాయి. గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు కొట్టి అలలను చిందరవందర చేస్తుంది. అదే గాలి దీవి దాటి తూర్పు తీరానికి వచ్చేసరికి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఉదయం పూట అల నిటారుగా లేచి, ఒక పక్క నుంచి వరసగా విరుగుతూ పోతుంది. కాబట్టి ఆగస్టు అంటే ఆ తూర్పు తీరంలోని అరుగం బే.

మొగమాటం_లేదు:
నిజమే, కానీ సగమే చెప్పారు. అరుగం బేలో మెయిన్ పాయింట్ అని పేరున్న సర్ఫింగ్ చోటు అడుగున రాళ్లూ పగడపు దిబ్బలూ ఉంటాయి. ఆగస్టులో అక్కడ ఆరితేరినవాళ్లు కిక్కిరిసి ఉంటారు. వెలిగమలో అడుగంతా ఇసుక, తీరం విశాలం. వానాకాలంలోనూ పాఠాలు ఆగవు, పొద్దున్నే గాలి లేవకముందు దిగితే చాలు. అసలు నన్నడిగితే ముందు చెన్నై పక్కన కోవళంలో ఒక వారాంతం బోర్డెక్కి చూడండి. నచ్చకపోతే విమానం ఖర్చైనా మిగులుతుంది.

భీమిలి_కెరటం:
మెయిన్ పాయింట్‌లో దిగమని నేనెక్కడ అన్నాను? కొత్తవాళ్లకు అదే ఊళ్లో బేబీ పాయింట్ ఉంది. ఉత్తరాన విస్కీ పాయింట్, దక్షిణాన పీనట్ ఫామ్ అనే సర్ఫింగ్ చోట్లూ ఉన్నాయి. ఆటో పైన బోర్డులు కట్టి తీసుకుపోతారు. కోవళం సలహాకు మాత్రం నాదీ ఓటే.

నల్లకుంట_నీలిమ:
మరి మావారి ఈత సంగతి? పాఠం ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి.

గూడూరు_రమణి:
మొదట నీళ్లలోకి దిగనివ్వరమ్మా. ఇసుకలో వేలితో బోర్డు ఆకారం గీసి, దాని మీద బోర్లా పడుకోబెడతారు. అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపున లేచి పక్కకు తిరిగి నిలబడాలి. మోకాలు ఆనిస్తే మళ్లీ మొదటి నుంచి! తర్వాత నడుము లోతు నీళ్లలో, అప్పటికే విరిగిన నురుగు అలల్లోకి శిక్షకుడే బోర్డు తోసి "లే" అంటాడు. ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి బోర్డే అడగండి. చిన్నది చూడ్డానికి బాగుంటుంది కానీ కొత్తవాళ్లను మోయదు. పొడుగు చేతుల బిగుతు చొక్కా తప్పనిసరి, లేకపోతే పొట్ట ఒరుసుకుపోతుంది.

పూల్ ఈత చాలదు. మీవారు ఈలోపు లోతు నీళ్లలో కంగారు పడకుండా తేలడం నేర్చుకోవాలి. లోపలికి లాక్కుపోయే ప్రవాహంలో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, లాగుడు తగ్గాక తిరగాలి. కాలికి తాడు కట్టిన బోర్డు ఉంది కదా, దాన్ని పట్టుకుని తేలుతూ చెయ్యెత్తినా సరే. బోర్డును మాత్రం వదలకూడదు.

మొగమాటం_లేదు:
ఇంకొకటి. ఒక అలకు ఒక్కరే. అల ముందుగా ఎక్కడ విరుగుతుందో అక్కడికి దగ్గరగా ఉన్నవాళ్లదే హక్కు. మధ్యలో దూరితే తిట్లు ఏ భాషలోనైనా అర్థమవుతాయి.

గూడూరు_రమణి:
దారి సంగతి: విమానం దిగేది కొలంబోకు ఉత్తరాన కటునాయకలో. వెలిగమకు కొలంబో ఫోర్ట్ నుంచి సముద్రం పక్కనే పోయే రైలుంది. అరుగం బేకు రైలు లేదు. కారులో ఏడెనిమిది గంటలు పడుతుంది, అందుకే చాలామంది ఎల్ల అనే కొండ ఊళ్లో ఒక రాత్రి ఆగి మొనరాగల మీదుగా దిగుతారు. పక్క ఊరు పొత్తువిల్‌లో తమిళం మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఎక్కువ. తమిళం నాలుగు ముక్కలు వస్తే బేరం సులువు. ఈత దుస్తులతో బజారులోకి మాత్రం వెళ్లకండి. తిండికి లోటు లేదు, అప్పం, ఇడియాప్పం, పక్కన పచ్చికొబ్బరి, ఎండుమిర్చి, నిమ్మరసం కలిపి నూరిన సంబోల్. మన నాలుకకు సరిగ్గా సరిపోతుంది.

నల్లకుంట_నీలిమ:
వెలిగమ హోటల్ వద్దనుకున్నాం. జులైలో కోవళం, అది కుదిరితే అరుగం బే. బోర్డులు కొనాలా?

భీమిలి_కెరటం:
కొనకండి, అక్కడ అద్దెకు దొరుకుతాయి. తీసుకునే ముందు పగుళ్లు, కాలితాడు చూసుకోండి. సన్‌స్క్రీన్ మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. బయలుదేరే ముందు ఈటీఏ, అంటే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి, ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ప్రయాణ బీమా కాగితంలో సర్ఫింగ్‌ను మినహాయించారేమో చిన్న అక్షరాలు కూడా చదవండి.

మొగమాటం_లేదు:
మీవారికి సాయంత్రం బీరు అలవాటుంటే పున్నమి ఎప్పుడో చూసుకోండి. ఆ రోజు దేశమంతా మద్యం అమ్మరు.