'ఐ, టోన్యా' ప్రదర్శన: పోర్ట్‌లాండ్ వాలంటీర్ల పని ముచ్చట

సమన్వయం:
అందరికీ నమస్కారం. మార్చి రెండో శనివారం సాయంత్రం 4 నుంచి 8:30 దాకా హాల్ మనది. సినిమా దాదాపు 2 గంటలు, ముందు పావుగంట పరిచయం, తర్వాత 40 నిమిషాలు చర్చ. మంచు మీద స్కేటింగ్ చేసే క్రీడాకారిణి టోన్యా హార్డింగ్ కథే ఈ సినిమా. ఆమె ఈ ఊరి పిల్లే. లాయిడ్ సెంటర్ మాల్‌లో ఐసు మీద అడుగులు నేర్చింది, క్లాకమస్ టౌన్ సెంటర్ మాల్ రింక్‌లో సాధన చేసింది. సినిమా మాత్రం జార్జియాలో తీశారు. పోస్టర్ మీద 'మన ఊళ్లో తీసిన సినిమా' అని ఎవరూ రాయకండి.

ముందు లైసెన్స్ తేలాలి. టికెట్ లేదు కదా అని ఊరుకుంటే కుదరదు. కుటుంబం, దగ్గరి పరిచయస్తులు దాటి చెప్పుకోదగ్గంత మంది చేరితే అమెరికా చట్టం దాన్ని బహిరంగ ప్రదర్శనగానే చూస్తుంది. కొన్న డిస్క్‌కీ, నెట్‌ఫ్లిక్స్ లాంటి చందాలకీ ఆ హక్కు రాదు. ఈ సినిమా హక్కులు ఎవరి దగ్గరున్నాయో స్వాంక్, క్రైటీరియన్ పిక్చర్స్ లాంటి ఏజెన్సీలను అడగాలి. ఎంతమంది వస్తారు, డబ్బు తీసుకుంటామా, బయట ప్రకటన వేస్తామా, ఈ మూడూ అడిగే ధర చెప్తారు. బయట ప్రకటనకి వాళ్లు ఒప్పుకునేదాకా ఫేస్‌బుక్‌లో సినిమా పేరు పెట్టొద్దు.

హాల్, పిల్లలు:
సినిమాకి ఆర్ రేటింగ్. బూతులు మొదట్లోనే మొదలవుతాయి, మొగుడు కొట్టే సీన్లు చాలా ఉన్నాయి. కాబట్టి 17 ఏళ్ల లోపు వాళ్లకి ప్రవేశం లేదని ఆహ్వానంలో మొదటి వాక్యంగా రాయండి, చివర చిన్న అక్షరాల్లో కాదు. పిల్లల గది మడత గోడకి అవతల వద్దు, ఆ గోడ మాటల్ని ఆపదు. కారిడార్ దాటి ఉన్న గది తీసుకుంటున్నాను. ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. క్యారమ్స్ బోర్డులు రెండు ఉన్నాయి, స్ట్రైకర్ ఒకటే ఉంది, ఎవరైనా ఇంకోటి తెండి.

ప్రొజెక్షన్:
తెర వెడల్పు 12 అడుగులు, ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. ఈ సినిమా బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 2.39:1, అంటే తెర మీద బొమ్మ ఎత్తు 5 అడుగులే. పైనా కిందా 10 అంగుళాల చొప్పున నల్లపట్టీ ఉంటుంది. సబ్‌టైటిల్స్ కింది పట్టీలోకి జారితే వెనక వరుసకి ముందున్నవాళ్ల తలలే కనిపిస్తాయి. తెర కింది అంచు నేలకి 4 అడుగుల పైన ఉండాలి, కాబట్టి సీలింగ్ 11 అడుగులైనా కావాలి. అక్కా, ఒకసారి కొలిచి చెప్పండి.

50 అడుగుల దూరానికి మామూలు హెచ్‌డీఎంఐ వైరు నమ్మొద్దు. ఆప్టికల్ వైరు వాడండి, దానికి దిశ ఉంటుంది. 'సోర్స్' అని రాసిన కొన ప్లేయర్‌కి పెట్టాలి. తిరగేసి పెడితే బొమ్మ రాదు, అందరూ ప్రొజెక్టర్ని తిడతారు. పరీక్ష ల్యాప్‌టాప్ స్లైడ్లతో కాదు, అసలు డిస్క్‌తోనే చేయండి. మధ్యలో పాత స్ప్లిటర్ (సిగ్నల్‌ని రెండుగా పంచే డబ్బా) ఉంటే స్లైడ్లు బాగానే వస్తాయి, డిస్క్ పెట్టగానే కాపీ రక్షణ అడ్డం పడి తెర నల్లబడుతుంది. ప్లేయర్ ఆడియోని స్టీరియోకి మార్చండి. 5.1 (ఆరు స్పీకర్ల ధ్వని) అలాగే వదిలి రెండు స్పీకర్లు తగిలిస్తే సంగీతం మోగుతుంది, మాటలు మాయం.

చివర్లో పేర్లు పడటం మొదలవగానే లైట్లు వేయకండి! టోన్యా అసలు స్కేటింగ్ దృశ్యాలు వచ్చేది అప్పుడే.

పరిచయం, చర్చ:
స్కేటింగ్‌లో యాక్సెల్ అనే గెంతు ఏమిటో ముందే చూపిస్తాను. మిగతా గెంతులన్నీ వెనక్కి జారుతూ లేస్తాయి, యాక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ. దిగడం మాత్రం వెనక్కే. అందుకే ట్రిపుల్ యాక్సెల్ అంటే మూడు కాదు, మూడున్నర చుట్లు. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఎడమ కాలి మీద లేచి కుడి కాలి మీద దిగడం ఒకరు చేసి చూపిస్తే చాలు, ఆ అరచుట్టు ఎంత కష్టమో అర్థమవుతుంది. (మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు పేరివ్వండి.) పోటీలో ట్రిపుల్ యాక్సెల్ సాధించిన మొదటి మహిళ జపాన్‌కి చెందిన మిదోరి ఇతో, 1988లో. అమెరికా నుంచి మొదట టోన్యా, 1991 ఫిబ్రవరిలో మినియాపోలిస్‌లో. సినిమాలో టోన్యాగా నటించిన మార్గో రాబీ వేసినట్టు కనిపించేది కంప్యూటర్ పని.

చర్చకి అసలు చిక్కు ఇది: సినిమా టోన్యా, మాజీ భర్త జెఫ్ గిలూలీ చెప్పిన పొంతన కుదరని మాటల మీద కట్టింది. పాత్రలు కెమెరా వైపు తిరిగి 'ఇది నేను చేయలేదు' అంటాయి. చూసి బయటికొచ్చేవాళ్లు దాన్నే తీర్పు అనుకుంటారు. అందుకే రికార్డులో ఉన్నది అరకాగితం మీద అచ్చువేసి, సినిమా అయ్యాకే పంచుదాం:

1994 జనవరి 6న డెట్రాయిట్‌లో ప్రాక్టీస్ ముగించి వస్తున్న, టోన్యాకి పోటీ స్కేటర్ అయిన నాన్సీ కెరిగన్ కుడి కాలి మీద, మోకాలికి కాస్త పైన, లాఠీతో కొట్టారు. అక్కడ జరిగిన జాతీయ పోటీ టోన్యా గెలిచింది. ఫిబ్రవరిలో లిల్లేహామర్ ఒలింపిక్స్‌లో కెరిగన్‌కి రజతం, టోన్యాకి ఎనిమిదో స్థానం. మార్చి 16న ఆ దాడి కేసు విచారణకి అడ్డుపడే కుట్రలో టోన్యా నేరం ఒప్పుకుంది: మూడేళ్ల ప్రొబేషన్, లక్ష డాలర్ల జరిమానా, 500 గంటల సమాజ సేవ. జూన్‌లో స్కేటింగ్ సంఘం ఆ టైటిల్ వెనక్కి తీసుకుని జీవితకాల నిషేధం విధించింది.

కొడతారని టోన్యాకి ముందే తెలుసా అన్నది ఈ కేసులో ఆమె ఒప్పుకున్న నేరంలో భాగం కాదు. కాగితంలో ఆ వాక్యం ఒక్క అక్షరం మారకూడదు. కెరిగన్ సినిమాలో దాదాపు కనిపించదు. చర్చలో మొదటి ప్రశ్న ఆమె గురించే వేస్తాను, లేకపోతే 40 నిమిషాలూ టోన్యా తల్లిగా నటించిన అల్లిసన్ జానీ భుజం మీది చిలక దగ్గరే గడిచిపోతాయి.

గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233 అదే కాగితం వెనక వేయండి, బాత్‌రూమ్ తలుపుల లోపలి వైపు కూడా. అందరి ముందు కాగితం తీసుకోవడానికి జంకేవాళ్లుంటారు.

టీ, తిండి:
70 మందికి 150 మి.లీ. చొప్పున 11 లీటర్లు. పాలు 2 గ్యాలన్లు, నీళ్లు 4 లీటర్లు, పొడి 200 గ్రాములు. అల్లం నీళ్లలోనే బాగా మరగాలి, ఆ తర్వాతే పాలు. పచ్చి అల్లం వేడి పాలల్లో పడితే విరుగుతాయి. చక్కెర విడిగా. పెద్ద కాఫీ అర్న్‌లో (కుళాయి ఉన్న కరెంటు పాత్ర) పాలు కాచొద్దు, అడుగంటుతుంది. ఇంట్లో కాచి ఫ్లాస్కుల్లో తెండి.

పాప్‌కార్న్ మెషీన్, నీళ్ల అర్న్ ఒకే ప్లగ్గు వరుసలో పెడితే 15 ఆంపియర్ల బ్రేకర్ పడిపోతుంది, 1,800 వాట్లకి మించి మోయదు. ప్రొజెక్టర్ ఏ బ్రేకర్ మీదుందో తెలుసుకుని మా రెండూ దానికి దూరంగా పెడతాం. పులిహోర ట్రేలు మూడు ఖాయమయ్యాయి, పెరుగన్నానికి ఇంకా ఎవరూ పేరివ్వలేదు.