లక్ష రూపాయల క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్: రోజూ వినడానికి పనికొస్తుందా?

కిమిడివాసి (పర్లాకిమిడి)
రాత్రిపూట పడుకునే ముందు వినడానికి ఒక మంచి క్లోజ్డ్ బ్యాక్ (కప్పులు వెనక మూసి ఉండే హెడ్‌ఫోన్) కొందామనుకుంటున్నాను. లక్షకి అటూ ఇటూ, కొత్తదైనా సెకండ్ హ్యాండ్ అయినా సరే. చూస్తున్నవి డెనాన్ డీ9200, ఫోకల్ స్టెలియా, సెన్‌హైజర్ హెచ్‌డీ 820, డాన్ క్లార్క్ ఈ3. కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, అప్పుడప్పుడు ఒడిస్సీ వింటాను. కళ్లద్దాలు ఉన్నాయి. ఫోనుకి డాంగిల్ (హెడ్‌ఫోన్ జాక్ ఇచ్చే చిన్న అడాప్టర్) తగిలించి వింటాను, వేరే యాంప్ లేదు. మన వైపు తలకి పెట్టుకుని విని కొనుక్కునే చోటు లేదు గనక, వాడుతున్నవాళ్లు చెప్పండి.

వెదురుకప్పు (బరంపురం)
డీ9200 తీసుకోండి, ఆలోచించకండి. కప్పులు వెదురువి, జపాన్‌లో కోచి ప్రాంతపు మోసో వెదురు. బరువు 375 గ్రాములు, స్టెలియా 435. రెండో గంటలో ఆ 60 గ్రాముల తేడా నడినెత్తికి తెలుస్తుంది. ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) 24 ఓంలు, సెన్సిటివిటీ ఒక మిల్లీవాట్‌కి 105 డీబీ, కాబట్టి మీ డాంగిల్ చాలు. మృదంగంలో తొప్పి (ఎడమ, బేస్ వైపు) దెబ్బ గుండ్రంగా వస్తుంది, దాని వెనకాల తంబురా శ్రుతి చెదరదు. మెచ్చనిది ఒకటుంది: ట్రెబుల్ కొంచెం ముందుకొస్తుంది. పాత రికార్డింగుల్లో స, ష అక్షరాలు గుచ్చుతాయి. 8 కిలోహెర్ట్జ్ దగ్గర 2, 3 డీబీ తగ్గిస్తే సర్దుకుంటుంది. నేను ఇంట్లో ఏవీ రిసీవర్ (హోమ్ థియేటర్ యాంప్) జాక్‌కి పెట్టి వింటాను, చక్కగా ఉంటుంది.

గుణుపురం చిన్నోడు
లక్ష పెట్టి తలకి వెదురు కట్టుకోవడం ఏటి బావా 😄

ఓం నియమం (జయపురం)
వెదురుకప్పు గారూ, ఏవీ రిసీవర్ జాక్ అన్నారు. చాలా పాత రిసీవర్లలో హెడ్‌ఫోన్ జాక్‌కి వేరే యాంప్ ఉండదు. స్పీకర్ లైన్‌నే వంద నుంచి నాలుగైదు వందల ఓంల రెసిస్టర్ ద్వారా తీసుకొచ్చి వదిలేస్తారు. 24 ఓంల హెడ్‌ఫోన్‌కి సోర్సు (జాక్ వైపు) ఇంపీడెన్స్ దాంట్లో ఎనిమిదో వంతు, అంటే 3 ఓంలు దాటకూడదు. మీరు వింటున్న గుండ్రటి తొప్పి ఆ రెసిస్టర్ చలవ కాదని ఎలా చెప్తారు? మీ జాక్ ఎన్ని ఓంలు?

అద్దాలబాబు (రాయగడ)
నా దగ్గర హెచ్‌డీ 820 ఉంది. కళ్లద్దాలున్నవాళ్లు దీని జోలికి పోకండి. అద్దాల కాడ ప్యాడ్‌ని పైకెత్తుతుంది, చెవి ముందు సన్నటి సందు పడుతుంది. క్లోజ్డ్ బ్యాక్‌లో లోబేస్ అంతా ఆ మూసిన గాలి మీదే ఆధారపడుతుంది, సందు పడితే 100 హెర్ట్జ్ కిందది కారిపోతుంది. దీనికి మామూలుగానే 300 హెర్ట్జ్ దగ్గర గుంట ఉంది. అద్దాలు తీస్తే బేస్ ఉబ్బుతుంది, పెడితే సన్నబడుతుంది, గుంట మాత్రం అక్కడే ఉంటుంది. మగ గొంతుల్లో కండ పోతుంది. 300 ఓంలైనా డాంగిల్‌తో వాల్యూమ్ సరిపోతుంది, ఆ భయం వద్దు.

కొనేముందు సీల్ పరీక్ష ఎలా చేయాలంటే, 30, 50, 100 హెర్ట్జ్ టోన్‌లు తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. అద్దాలతో విని, రెండు కప్పుల్నీ అరచేతుల్తో మెల్లిగా లోపలికి నొక్కండి. 30 ఒక్కసారిగా పెరిగితే గాలి కారుతున్నట్టే. తర్వాత కాడలు చెవి మీద కాస్త పైకి లేపి మళ్లీ వినండి. సన్నటి లోహపు కాడలకి బాధ తక్కువ, మందపాటి ప్లాస్టిక్ ఫ్రేములకి ఎక్కువ.

ఇంకో మాట. వేరే కంపెనీది, పేరు చెప్పను, ఖరీదైన హెడ్‌ఫోన్‌కి ప్యాడ్లు పొట్టు రాలితే సర్వీసుకి రాశాను. పెట్టె మొత్తం ప్యాక్ చేసి దేశం ఆ చివరికి మా ఖర్చుతో పంపమన్నారు. ఒక జత ప్యాడ్లు అడిగితే పార్టు విడిగా అమ్మం అన్నారు. లక్ష పెట్టినవాడికి ఇదీ మర్యాద. ఈ ఊళ్లలో ఉండేవాళ్లు ఇలాంటివి కొనకూడదనేది అందుకే.

వెదురుకప్పు (బరంపురం)
అద్దాలబాబు గారూ, ప్యాడ్ల గొడవ సౌండ్ సంగతి కాదు కదా. సింథటిక్ లెదర్ పాలీయూరిథేన్, తేమకి దానంతటదే విరుగుతుంది, వాడకుండా పెట్టెలో ఉంచినా సరే. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి, పైన కొబ్బరినూనె తల, ఇంకేం కావాలి? విన్నాక పొడి నూలుగుడ్డతో తుడవండి. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. నిజం తోలైతే పొట్టు రాలదు గానీ వానాకాలంలో బూజు పడుతుంది, దానికీ డబ్బానే మందు. నూలు తొడుగులు మాత్రం వద్దు. చెమట ఆపుతాయి, సీల్ పాడుచేస్తాయి.

ఓం గారూ, రెసిస్టర్ వల్ల బేస్ పెరగాలంటే డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్) ఇంపీడెన్స్ వంపు ఎగుడుదిగుడుగా ఉండాలి. వంపు చదునుగా ఉంటే వాల్యూమ్ తగ్గుతుంది, స్వరం మారదు. ప్లానార్లలో (చదునైన పల్చటి పొర డ్రైవర్లవి) సరిగ్గా అదే జరుగుతుంది. మీ ఎనిమిదో వంతు నియమం ఆ ఎగుడుదిగుడు ఉన్నవాటి కోసం.

ఓం నియమం (జయపురం)
ప్లానార్ గురించి నేను అడగలేదు. మీ జాక్ ఎన్ని ఓంలని అడిగాను. తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు: 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి, ఖాళీ జాక్ దగ్గర ఏసీ వోల్టేజ్ చూడండి. 33 ఓంల రెసిస్టర్ లోడ్ పెట్టి మళ్లీ చూడండి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణించండి. మీటర్ చవకదైతే 1 కిలోహెర్ట్జ్ సరిగ్గా చూపించదు, 100 హెర్ట్జ్ వాడండి.

అసలు సంగతికొస్తే, చెక్క కప్పుల డెనాన్‌కి గానీ, ఫాస్టెక్స్ టీహెచ్900కి గానీ, సోనీ జెడ్1ఆర్‌కి గానీ బయటి మోత ఆపడంలో మొదటినుంచీ పేరు లేదు. జెడ్1ఆర్ కప్పు గాలి ఆడేలాగే కట్టారు, లోపలి ప్రతిధ్వని చంపడానికి. పేరుకి క్లోజ్డ్, పనికి సగం ఓపెన్. బస్సు హారన్, డీజిల్ జనరేటర్, పెళ్లి డీజే బాక్సులు వినిపిస్తూనే ఉంటాయి. అలాంటిదానికి లక్ష ఎందుకు?

పాతపాటలు (జేకేపూర్)
ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) రోజుల్లో బరంపురంలో ఏ హెడ్‌ఫోనూ పనిచెయ్యదు, అది లెక్కలోకి తీసుకోకండి.

వెదురుకప్పు (బరంపురం)
ఏ కప్పూ జనరేటర్‌ని ఆపదు ఓం గారూ. 200 హెర్ట్జ్ కింద మూసిన కప్పు చేసేది దాదాపు ఏమీ లేదు. 1 కిలోహెర్ట్జ్ పైన 20, 30 డీబీ ఆపుతుంది. అందుకే మాటలు ఆగుతాయి, హోరు ఆగదు. హోరు ఆగాలంటే నాయిస్ క్యాన్సిలింగ్ కొనుక్కోండి, అది సరిగ్గా కిందనే పనిచేస్తుంది. లేదా చెవిలో దూర్చేవి, ఎటిమోటిక్ ఈఆర్4కి కంపెనీ చెప్పే లెక్క 35 నుంచి 42 డీబీ. వాటితో డెనాన్‌ని పోల్చడం న్యాయం కాదు.

ఓం నియమం (జయపురం)
మరి అదే నేనంటున్నది! మోత ఆపలేని దాన్ని "రోజువారీకి" అని సిఫారసు చేస్తారేంటి? మోత ఆగకపోతే మనిషి ఏం చేస్తాడు, వాల్యూమ్ పెంచుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు 80 డీబీ. 3 డీబీ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి. 89కి వెళ్తే వారానికి 5 గంటలే. ఈ డెనాన్‌కి డాంగిల్ ఇచ్చే ఒక వోల్టుతో లెక్కప్రకారం 120 దాటుతుంది. వెదురు అందం చూసి చెవులు పాడుచేసుకోమంటారా?

వెదురుకప్పు (బరంపురం)
నేను ఎవరి చెవులూ పాడుచేయమనలేదు. మాట జాగ్రత్త. నోట్లో లేని మాటలు పెట్టకండి.

గుణుపురం చిన్నోడు
మొదలైంది. టీ పెట్టుకొస్తా.

ఓం నియమం (జయపురం)
జాక్ ఎన్ని ఓంలో చెప్పకుండా మూడుసార్లు తప్పించుకున్నవారు నాకు జాగ్రత్త చెప్తున్నారు.

వెదురుకప్పు (బరంపురం)
బాబూ, నాకు బయటి మోతతో పనే లేదు! రాత్రి పదకొండుకి మా సందులో కుక్క తప్ప ఏ శబ్దం ఉండదు. పక్క మంచం మీద పెద్దవాళ్లు పడుకుంటారు. నా పాట వాళ్లకి వినపడకూడదు, అంతే. ఓపెన్ బ్యాక్ (కప్పులు వెనక తెరిచి ఉండేది) పెడితే ఆ గదిలో చిన్న రేడియో పెట్టినట్టే. డెనాన్ నేను వినే వాల్యూమ్‌లో పక్క మంచానికి చేరదు. క్లోజ్డ్ కొన్నది అందుకు. మీరేమో మెయిన్ రోడ్డు పక్కన కూర్చుని లారీల గురించి మాట్లాడుతున్నారు.

పాతపాటలు (జేకేపూర్)
అయితే ఒకాయనకి శబ్దం లోపలికి రాకూడదు, ఇంకొకాయనకి బయటికి పోకూడదు. ఇంతసేపూ ఓంలు లెక్కపెట్టారు! కిమిడివాసి గారూ, మీకు ఏది?

కిమిడివాసి (పర్లాకిమిడి)
రెండోది. ఒకే గది, నాన్నగారికి నిద్ర పలచన. ఫ్యాన్ హోరు ఉంటుంది గానీ అది నాకు అడ్డం కాదు.

ఓం నియమం (జయపురం)
సరే, బయటికి పోకుండా ఉంటే చాలు అంటే పని ఇంకా తేలిక. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓంలది. బరువు 270 గ్రాములు. బయటి శబ్దం 18 డీబీ ఆపుతుందని కంపెనీయే రాస్తుంది. వెలూర్ ప్యాడ్ గనక అద్దాలతో నొప్పి ఉండదు, పొట్టు రాలదు, ప్యాడ్లు విడిగా దొరుకుతాయి. ధర మీ లక్షలో చిన్న వంతే. మిగిలింది బ్యాంకులో వేసుకోండి.

వెదురుకప్పు (బరంపురం)
ఇదిగో, ఇక్కడికి రావాలి. ఆపడానికి, దాచడానికి అయితే దుప్పటి కప్పినా చాలు. మేం డబ్బు పెట్టేది ఓపెన్ బ్యాక్‌లో వచ్చేది మూసిన కప్పులో రాబట్టడానికి. డీటీ 770కి 8, 9 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు లాంటి శిఖరం ఉంది. ఘంటసాల కాలపు మోనో రికార్డింగు దాంట్లో పెట్టండి, హిస్సు ముందు, గొంతు వెనక.

ఓం నియమం (జయపురం)
ముల్లు తీయడానికి ఈక్యూ (ఈక్వలైజర్) ఉంది. ఆండ్రాయిడ్‌లో పవర్‌యాంప్ ఈక్వలైజర్, కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ. 8.5 కిలోహెర్ట్జ్‌కి ఒక పీక్ ఫిల్టర్, మైనస్ 5 డీబీ, క్యూ (ఫిల్టర్ ఎంత సన్నదో చెప్పే అంకె) 3తో మొదలుపెట్టి చెవితో సర్దుకోవడమే. మీరూ మీ లక్ష రూపాయల దానికి 8 దగ్గర 2, 3 డీబీ తగ్గించమని పైన మీరే రాశారు. అప్పుడు తేడా 3కీ 5కీ మధ్యనేనా?

వెదురుకప్పు (బరంపురం)
శిఖరం తగ్గించవచ్చు. కప్పు గోడకి తగిలి తిరిగొచ్చిన శబ్దం అసలుదాన్ని కొట్టేసిన చోట సన్నటి గుంట పడుతుంది, దాంట్లో ఎంత పోసినా నిండదు, డ్రైవర్‌కి శ్రమ తప్ప. డాన్ క్లార్క్ వాళ్లు స్టెల్త్, ఈ3ల్లో డ్రైవర్ ముందు ఆ మెటామెటీరియల్ జాలీ పెట్టింది ఆ ప్రతిధ్వనుల కోసమే. హెచ్‌డీ 820 కప్పులో గాజు పలక వంచి పెట్టింది కూడా అందుకే, ఫలితం అందరికీ నచ్చకపోయినా. పై ధర అంతా అక్కడికే పోతుందని అనను. ఉరుషి లక్కపూత, తోలు, పెట్టె, వాటికీ పోతుంది. ఆ మాటకొస్తే నాకు వెదురు కూడా ఇష్టమే, దాచుకోను.

అద్దాలబాబు (రాయగడ)
ఈక్యూ వేసేవాళ్లు ఒక సంగతి. పైకి ఎంత పెంచారో ప్రీయాంప్ (ఈక్యూలో మొత్తం స్థాయి) అంత మైనస్ పెట్టండి. 100 హెర్ట్జ్ దగ్గర షెల్ఫ్ (ఆ కిందదంతా పెంచే ఫిల్టర్) ప్లస్ 4 వేస్తే ప్రీయాంప్ మైనస్ 4. లేకపోతే తొప్పి దెబ్బ దగ్గర చిట్లుతుంది. అద్దాల వల్ల కారిన బేస్‌కి షెల్ఫ్ వేసి లాభం లేదు. తల తిప్పిన ప్రతిసారీ కారేది మారుతుంది. పైగా బేస్ కారే సందులోంచే పాట కూడా బయటికి కారుతుంది, నాన్నగారి నిద్ర ఉంది కదా.

ఓం నియమం (జయపురం)
అది మంచి మాట. అందుకే అన్నీ ఒక మనిషి తలకి పెట్టి, గది అవతల ఇంకొకరు నిలబడి వినాలి. దిండుకి పెట్టి చూస్తే లెక్క రాదు, సీల్ వేరు. ల్యాప్‌టాప్‌తో వింటే ఛార్జర్ పీకి వినండి. పాత ఇళ్లలో ఎర్త్ సరిగ్గా ఉండదు, 50 హెర్ట్జ్ గుర్రు వస్తే హెడ్‌ఫోన్‌ని తిట్టుకుంటారు. ధర విషయంలో నా మాట మారదు.

వెదురుకప్పు (బరంపురం)
మారొద్దు. నాదీ మారదు.

కిమిడివాసి (పర్లాకిమిడి)
విశాఖలో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ స్టెలియా ఉందంటున్నారు, వెళ్లి విని తెచ్చుకోవచ్చు. బరువు సంగతి తెలిసింది. ఏం చూడాలి?

అద్దాలబాబు (రాయగడ)
మీ అద్దాలు పెట్టుకుని సీల్ పరీక్ష ముందు. మోనో ఫైలు పెట్టండి, గొంతు సరిగ్గా నడుమ రావాలి. పక్కకి జరిగితే కప్పులు ఎడమ కుడి మార్చి పెట్టుకోండి. జరిగిన వైపు కూడా మారితే లోపం హెడ్‌ఫోన్‌లోనో డాంగిల్‌లోనో, మారకపోతే మీ చెవిలోనో ప్యాడ్ కూర్చోవడంలోనో. తర్వాత 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా పెరిగే టోన్ (స్వీప్), మెల్లిగా. ఎక్కడైనా గరగర వస్తే డయాఫ్రంకి వెంట్రుక తగులుతూ ఉండొచ్చు. అమ్మేవాడి చేతే ప్యాడ్ తీయించి చూడండి, మీరు వేలు పెట్టకండి. ఆ డోమ్ బెరీలియంది, నొక్కితే పోయినట్టే.

వెదురుకప్పు (బరంపురం)
కేబుల్ రెండు వైపులా మొదట్లో కదిపి చూడండి, పాట తెగితే బేరం ఆడండి. ప్యాడ్లు వాలిపోయి ఉంటే కొత్త జత ధర అందులోంచి తగ్గించమనండి, అసలైనవే వేయాలి. వేరే మందం ప్యాడ్ వేస్తే చెవికీ డ్రైవర్‌కీ దూరం మారి ట్యూనింగ్ అంతా మారుతుంది.

ఓం నియమం (జయపురం)
స్టెలియాకి 35 ఓంలు, 106 డీబీ. డాంగిల్ చాలు. అమ్మేవాడి డెస్క్ యాంప్ మీద విని మురిసిపోకండి, మీ ఫోనూ డాంగిలూ పట్టుకెళ్లండి. బిల్లు, సీరియల్ నంబరు అడగండి.

గుణుపురం చిన్నోడు
నచ్చకపోతే నాకు చెప్పండి బావా, సగం ధరకి నేను తీసుకుంటా.