హెవీవెయిట్ బాక్సింగ్‌లో ఆల్‌టైమ్ గొప్పవాడు ఎవరు? నా ఓటు జో లూయిస్‌కి

మాజీ హవల్దార్:
ఈ ప్రశ్న ఎక్కడ అడిగినా ఆలోచించకుండా "మహమ్మద్ అలీ" అనేస్తారు. నేను ఒప్పుకోను. జో లూయిస్ 1937 జూన్‌లో టైటిల్ గెలిచాడు, 1949 మార్చిలో తనంతట తాను వదిలేశాడు. మధ్యలో 25 సార్లు నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్‌లో ఇప్పటికీ ఆ అంకెను ఎవరూ అందుకోలేదు.

1936లో మాక్స్ ష్మెలింగ్ చేతిలో 12వ రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) వేశాక లూయిస్ ఎడమ చెయ్యి కిందికి జారుతుందని ష్మెలింగ్ కనిపెట్టి, ఆ సందులోంచే కుడి చేత్తో కొట్టాడు. రెండేళ్లు ఆగి 1938 జూన్ 22న యాంకీ స్టేడియంలో మళ్లీ తలపడ్డారు. ఈసారి ఆ చెయ్యి జారలేదు. ష్మెలింగ్ తాళ్లకి ఆనుకుని పక్కకి తిరిగాడు, నడుము పైన పడ్డ దెబ్బకి గట్టిగా అరిచాడు, వెన్నుపూస చిట్లింది. మొత్తం 124 సెకన్లు. చేసిన తప్పు ఒక్కటి, దాన్ని దిద్దుకుని వచ్చాడు. నాకు బాక్సింగ్ అంటే అది.

కిన్షాసా 74:
హవల్దార్ గారూ, లూయిస్ అంటే నాకూ గౌరవమే. కానీ ఆ 25 మంది ఎవరు? 1941 మొదట్లో నెలకొకడు చొప్పున వచ్చి పడిపోతుంటే "నెలకో బకరా" అన్నట్టుగా అప్పటి పేపర్లవాళ్లే రాశారు.

అలీ ఎవరిని గెలిచాడో చూడండి. లిస్టన్, ఫ్రేజియర్, నార్టన్, ఫోర్‌మన్. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అలీతో తలపడేనాటికి ఫోర్‌మన్‌కి 40 ఫైట్లు, 40 గెలుపులు, అందులో 37 నాకౌట్లు. అలీని ఓడించిన ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. అలీ దవడ విరగ్గొట్టిన నార్టన్‌ని కూడా రెండో రౌండ్‌లోనే ముగించాడు. అలీకి అప్పటికి 32 ఏళ్లు. తాళ్ల మీదకి వాలి మోచేతుల మీద, పొట్ట మీద ఆ దెబ్బలన్నీ తిన్నాడు. ఎనిమిదో రౌండ్‌లో కుడి చెయ్యి తగిలి ఫోర్‌మన్ గిర్రున తిరుగుతూ కిందికి పోతుంటే అలీ ఇంకో పంచ్‌కి చెయ్యి ఎత్తి కూడా కొట్టలేదు. వీడియోలో అక్కడ ఆపి చూడండి, ఎత్తిన పిడికిలి అలాగే ఉంటుంది.

ఐరన్ అభిమాని:
మంచి ఫామ్‌లో ఉన్న మైక్ టైసన్ ముందు వీళ్లెవరూ ఆగరు. 20 ఏళ్లకే ఛాంపియన్. మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించాడు.

కిన్షాసా 74:
టోక్యో, 1990 ఫిబ్రవరి. బస్టర్ డగ్లస్ చేతిలో టైసన్ నాకౌట్. పదో రౌండ్.

49-0:
అందరూ ఓడినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. రాకీ మార్సియానో ఒక్కసారి కూడా ఓడలేదు. 49 ఫైట్లు, 49 గెలుపులు, 43 నాకౌట్లు. చాలావరకు జడ్జీల దాకా పోనివ్వలేదు మనిషి.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్తాను. యూనివర్సిటీ ఇంటర్ కాలేజీ ఫైనల్లో నేను గెలిచిన ఫైట్‌ని జడ్జీలు 3-2తో అవతలివాడికి ఇచ్చారు. మా అమ్మ ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆ రోజు నుంచీ పాయింట్ల మీద గెలిచానంటే నమ్మబుద్ధి కాదు. 1976లో యాంకీ స్టేడియంలో అలీ-నార్టన్ మూడో ఫైట్ చూడండి. అది నార్టన్‌దే. నార్టన్ రింగ్‌లోంచి ఏడుస్తూ దిగాడు.

మాజీ హవల్దార్:
49-0 తమ్ముడూ, మార్సియానో గట్టి మనిషే. కానీ ఆరు డిఫెన్సులకే 1956లో తప్పుకున్నాడు. ఆరెక్కడ, 25 ఎక్కడ?

కిన్షాసా గారికి: బకరాలట! బిల్లీ కాన్ బకరానా? 1941లో 12 రౌండ్లయ్యేసరికి పాయింట్లలో కానే ముందున్నాడు, 13వ రౌండ్ ఇంకో రెండు సెకన్లలో అయిపోతుందనగా లూయిస్ పడగొట్టాడు. టామీ ఫార్? జెర్సీ జో వాల్కాట్? 25 అంటే 25. అందులోంచి తీసేయడానికి మీరెవరు?

49-0:
1947లో వాల్కాట్ లూయిస్‌ని రెండుసార్లు కింద పడేశాడు కదా. అయినా గెలుపు లూయిస్‌కే ఇచ్చారు. తీర్పు చదవకముందే లూయిస్ ఓడిపోయాననుకుని రింగ్ దిగబోయాడు. మీ 25లో అదొకటి తీసేయండి. 24.

సౌత్‌పా:
లారీ హోమ్స్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. 48-0 దాకా వెళ్లాడు, 20 సార్లు నిలబెట్టుకున్నాడు. అలీ తర్వాత రావడమే ఆయన చేసిన పాపం.

రింగ్‌సైడ్:
ఇంకో లూయిస్‌ని కూడా మర్చిపోయారు, లెనాక్స్. ఓడింది ఇద్దరి చేతిలోనే, ఇద్దరినీ మళ్లీ పిలిచి ఓడించాడు. ఇప్పటివాళ్లలో ఉసిక్‌ని లెక్కలోకి తీసుకోవాలి.

49-0:
1951లో మీ లూయిస్‌ని తాళ్ల మధ్యలోంచి బయటికి పడేసింది మార్సియానోనే. ఎనిమిదో రౌండ్. ముఖాముఖి ఫలితం ఉన్నప్పుడు ఇంక వాదన దేనికి?

మాజీ హవల్దార్:
లూయిస్ తాళ్ల బయటికి పడ్డ ఫోటో పట్టుకుని గెలిచామనుకోకండి. అప్పటికి లూయిస్‌కి 37 ఏళ్లు, తల వెనక జుట్టు పల్చబడింది. రిటైరైన మనిషి మళ్లీ ఎందుకు దిగాడో తెలుసా? పన్ను బాకీ. 1942లో బడ్డీ బేర్ ఫైట్ డబ్బు నేవీ సహాయ నిధికి, ఏబ్ సైమన్ ఫైట్ డబ్బు ఆర్మీ నిధికి ఇచ్చేశాడు. ఆ ఏడాదే మామూలు సిపాయిగా చేరాడు. బాకీ వేసినప్పుడు అదేదీ లెక్కలోకి రాలేదు. ఆ రోజు రాత్రి మార్సియానోనే లూయిస్ దగ్గరికి వెళ్లి ఏడ్చాడు. గెలిచినవాడికి తెలిసింది, మీకు తెలియడం లేదు.

కిన్షాసా 74:
సార్, సైన్యంలో లూయిస్ చేసింది యుద్ధం కాదు. ఎగ్జిబిషన్ బౌట్లు. సిపాయిల ముందు చప్పట్లు కొట్టించుకున్నాడు. దాన్ని బాక్సింగ్ గొప్పతనంలో ఎందుకు కలుపుతున్నారు?

మాజీ హవల్దార్:
ఇక చాలు. యూనిఫాం వేసుకున్నవాడి గురించి అలా మాట్లాడతారా? మీ అలీ ఏం చేశాడు? వియత్నాం యుద్ధానికి దేశం పిలిస్తే రానన్నాడు. నా భాషలో దాన్ని పిరికితనం అంటారు. నేను 17 ఏళ్లు చేశాను. యూనిట్ టీమ్‌లో బాక్సింగ్ కూడా చేశాను. 1999లో చెల్లెలి పెళ్లికని సెలవు మీద ఇంటికొచ్చి, పందిరి గుంజలు పాతుతుంటే టెలిగ్రామ్ వచ్చింది. పెళ్లి చూడకుండానే రైలెక్కాను. మీ అలీ ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాడు.

సౌత్‌పా:
అందరూ కాస్త ఆగండి. ఇది బాక్సింగ్ థ్రెడ్.

కిన్షాసా 74:
ఆగను. ఇంతసేపూ 25, 25 అంటూ వచ్చారు, అసలు మాట ఇప్పుడు బయటపడింది.

ఆ అడుగు గురించే చెప్తాను. 1967 ఏప్రిల్ 28, హ్యూస్టన్. పేరు పిలిస్తే ముందుకు అడుగు వేయాలి. పిలిచారు, కదల్లేదు. మళ్లీ పిలిచారు, ఇది నేరమని హెచ్చరించారు, అయినా కదల్లేదు. పారిపోలేదు సార్, అక్కడే నిలబడ్డాడు. టైటిల్ పోయింది, లైసెన్స్ పోయింది. ఐదేళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా అన్నారు. అప్పీల్ వల్ల జైలుకి వెళ్లలేదు కానీ 1967 మార్చి నుంచి 1970 అక్టోబర్ దాకా రింగ్ లేదు. 25 ఏళ్ల వయసు నుంచి 28 దాటేదాకా. బాక్సర్‌కి అంతకన్నా మంచి ఏళ్లు ఉంటాయా? 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? వెనక్కి వచ్చాక ఆ పాత కాళ్లు లేవు. అందుకే తాళ్ల మీద వాలి దెబ్బలు తిన్నాడు.

ఇంకో మాట. 1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడాడు. మా నాన్న నెల్లూరులో పొద్దున్నే రైలెక్కి వెళ్లి చూసొచ్చాడు. ఆ టికెట్ ముక్క ఇప్పటికీ బీరువాలో ఉంది. 1996లో అట్లాంటాలో అలీ వణుకుతున్న చేత్తో ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తుంటే నాన్న టీవీ ముందు లేచి నిలబడ్డాడు. ఇప్పుడు నాన్నకీ పార్కిన్సన్స్. కాఫీ గ్లాసు నేనే పట్టుకుంటాను. అలీని పిరికివాడంటే నేను ఊరుకోలేను.

మాజీ హవల్దార్:
రాత్రంతా ఆలోచించాను. పిరికి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

కానీ మీరూ ఒకటి అర్థం చేసుకోవాలి. ఆ రోజు రైలెక్కినప్పుడు రాననే దారి ఒకటి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. లూయిస్‌కీ వచ్చి ఉండదు. నల్లవాళ్లని వేరే యూనిట్లలో పెట్టిన సైన్యం అది. అయినా వెళ్లాడు, 20 లక్షల మంది సిపాయిల ముందు ఆడాడు. తర్వాత బేస్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న జాకీ రాబిన్సన్ లాంటి నల్లవాళ్లకి ఆఫీసర్ ట్రైనింగ్ దొరకకపోతే వాళ్ల తరఫున మాట్లాడాడు. వెళ్లి లోపల ఉండి పోరాడటం కూడా పోరాటమే. దాన్ని చప్పట్లు అన్నారు, అదే నాకు తగిలింది.

కిన్షాసా 74:
ఆ మాట తప్పే సార్. రాబిన్సన్ సంగతి నాకు తెలియదు. క్షమించండి. ఓటు మాత్రం అలీకే.

మాజీ హవల్దార్:
నాది లూయిస్‌కే. 25కే. 24 కాదు.

49-0:
1976 ఫైట్ గురించి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాత్రి మొత్తం 15 రౌండ్లూ మళ్లీ చూశాను. ఇద్దరు జడ్జీల కార్డుల్లో 8-7, రిఫరీ కార్డులో 8-6, ఒకటి సమం. అంటే చివరి రౌండ్ దగ్గరే తేలింది. నువ్వే గెలుస్తున్నావని నార్టన్ కార్నర్‌లో చెప్పారు. 15వ రౌండ్‌లో చాలాసేపు అతను పెద్దగా కొట్టకుండా గడిపేశాడు. అలీ ఆ రౌండ్ పట్టుకుపోయాడు.

నా ఫైనల్లో మూడో రౌండ్‌కి ముందు మా కోచ్ నీళ్లు పట్టించి, "అయిపోయిందిరా, గెలిచేశావ్, దూరంగా తిరుగు చాలు" అన్నాడు. తిరిగాను. ఇన్నేళ్లూ జడ్జీల గురించే చెప్పాను కానీ ఇది ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా.

1952లో వాల్కాట్ మీద 12 రౌండ్లయ్యేసరికి మార్సియానో పాయింట్లలో వెనకబడి ఉన్నాడు. 13లో వాల్కాట్ తాళ్ల దగ్గరికి జరిగితే వెంటపడి వెళ్లి కుడి చేత్తో ఒక్కటి కొట్టాడు. నా ఓటు ఆయనకే.