వచ్చే నెల బుక్ క్లబ్‌కి 'వేయిపడగలు': చదవాలా, ఈసారికి వదిలేయాలా?

కెరటం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా బుక్ క్లబ్ నెలకోసారి, ఆఖరి ఆదివారం సాయంత్రం రెండు గంటలపాటు కూర్చుంటుంది. మొత్తం 14 మందిమి. మొన్నటి ఓటింగులో విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' నెగ్గింది. సమావేశానికి సరిగ్గా 5 వారాలు ఉంది. పుస్తకం చూస్తే వెయ్యి పేజీలకు దగ్గరగా ఉంది.

నాకు కుదిరేది మామూలు రోజుల్లో 40 నిమిషాలు, ఆదివారం గంటన్నర. అంతకు మించి కుదరదు. గ్రాంథికం చదవడం పెద్దగా అలవాటు లేదు. పైగా ఈ నవల వర్ణవ్యవస్థను సమర్థిస్తుందని విన్నాను, ఆ ఆలోచన నాకు సమ్మతం కాదు.

పూర్తి చేయగలనో లేదో ముందే తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా? అభిప్రాయం నచ్చదన్న కారణంతో మానేయడం సబబేనా? చదవకపోతే సమావేశానికి వెళ్లొచ్చా, మానుకోవాలా? యూట్యూబ్‌లో సారాంశం విని వెళ్లి మాట్లాడటం మాత్రం నాకు ఇష్టం లేదు.

పాతఅట్ట

కెరటం గారూ, ముందు కాలం లెక్క తేల్చండి. ఇష్టాయిష్టాల సంగతి ఆ తర్వాత.

30 మామూలు రోజులకు 40 నిమిషాల చొప్పున 1200. 5 ఆదివారాలకు 90 చొప్పున 450. కలిపితే 1650 నిమిషాలు. చుట్టాలు వచ్చిన రోజు, ఒంట్లో బాగాలేని రోజు కింద ఐదో వంతు తీసేయండి, అది ఎవరికైనా పోయేదే. చేతికి మిగిలేది 1320 నిమిషాలు.

ఇక వేగం. ఫోన్లో టైమర్ పెట్టి పది పేజీలు చదవండి. ముందుమాట జోలికి పోవద్దు, మొదటి పేజీలూ వద్దు, అక్కడ ఎవరైనా నెమ్మదిగానే చదువుతారు. కొంచెం లోపలికి వెళ్లి వర్ణన ఉన్నచోట ఐదు, మనుషులు మాట్లాడుకునేచోట ఐదు తీసుకోండి. వాడుక భాషలో రాసిన నవలను పేజీకి రెండు నిమిషాల్లో చదివేవాళ్లకి కూడా ఇది మూడు పట్టొచ్చు. వచనంలో గ్రాంథికపు ఛాయ ఉంటుంది, సమాసాలు ఉంటాయి, వాక్యం మధ్యలో ఆగి వెనక్కి చూసుకోవాల్సి వస్తుంది. పేజీకి 3 నిమిషాలైతే మీ సమయానికి 440 పేజీలు. 2 నిమిషాలైనా 660. ఎటు చూసినా ఈ గడువులో పుస్తకం పూర్తికాదు. తప్పు మీ ఓపికది కాదు, వెయ్యి పేజీలకు ఒకే నెల ఇవ్వడంలో ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పొరపాటు, రోజుకి 30 పేజీలని పంతం పట్టి వర్ణనలు దాటేసుకుంటూ పరిగెత్తడం. వేరే నవలకి అది చెల్లుతుందేమో గాని దీనికి చెల్లదు. సుబ్బన్నపేట అనే ఊరు, దాని జమీందారీ, గుడి, ధర్మారావు అనే మనిషి... కథ ఇంతే అనుకుంటే పట్టుమని పది పేజీల్లో చెప్పేయొచ్చు. నాట్యం, చదువు, వైద్యం, సేద్యం, దాంపత్యం గురించి ఆయన ఆగి ఆగి చెప్పేదంతా కథకు అడ్డం వచ్చినట్టు కనిపిస్తుంది. నిజానికి నవల బరువంతా అక్కడే ఉంది. అవి దాటేస్తే గిరిక ఎవరో తెలుస్తుంది కానీ ఆమె నాట్యానికి నవలలో అంత చోటు ఎందుకిచ్చారో తెలియదు. అందుకని వెయ్యి పేజీలు పైపైన తిరగేయడం కన్నా మొదటి 400 నిదానంగా చదవడం వందరెట్లు మేలు.

అదీ వరుసగానే. మధ్యలో మంచి ఘట్టాలు ఏరుకుని చదవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వేయి పడగల పాము కనిపించే కల ఈ నవల పునాదిలోనే ఉంది. ఆ పడగలు కాలంతోపాటు తగ్గుతూ పోవడమే దీని నడక. మొదలు తెలియకుండా మధ్యలో దిగితే ఆ తగ్గుదల మీకు తగలదు. చివరికి ఎన్ని మిగులుతాయో ఇక్కడ చెప్పను.

జమీందారుల తరాలు మారేచోట పేర్లు కలగాపులగం అవుతాయి. ఒక అట్టముక్క బుక్‌మార్కుగా పెట్టుకుని ఒక వైపు కోట మనుషులు, రెండో వైపు ఊరి మనుషులు అని పేరు, వరస రాసుకుంటూ వెళ్లండి. రెండు నిమిషాల పని, ఎన్నోసార్లు వెనక్కి తిప్పే బాధ తప్పుతుంది.

ఎక్కడ ఆపాలన్నదానికి నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ చెప్పిన సూత్రం ఒకటి ఉంది. 50 ఏళ్ల లోపువారు 50 పేజీలు చదివి తేల్చుకోవాలి, అది దాటినవారు 100లోంచి తమ వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. 62 ఏళ్లవారికి 38 పేజీలన్నమాట. మూడు వందల పేజీల నవలకి బాగానే పనికొస్తుంది. దీనికి మాత్రం 50 పేజీలంటే వాకిట్లోంచే వెనుదిరగడం. 100 పెట్టుకోండి. 100 దాటాక కూడా పుస్తకం తెరవడానికి మనసు రాకపోతే హాయిగా మూసేయండి.

అభిప్రాయం నచ్చకపోవడం మానేయడానికి చాలిన కారణం కాదని నా గట్టి నమ్మకం. 'సమర్థించారు' అని విన్న ఒక్క మాటతో పుస్తకాన్ని ఒప్పుకోవడమూ కుదరదు, కాదనడమూ కుదరదు. ఇంగ్లీషు చదువులు, మారుతున్న జమీందారీలు ఊరిని ఏం చేశాయని ఆయన అనుకున్నారో, ఏ ఆధారంతో అనుకున్నారో పేజీ చూపించి మాట్లాడగలిగితే మీ కాదనడానికి బలం వస్తుంది.

అల్లిపురం చదువరి

పాతఅట్ట గారూ, లెక్క బాగా చెప్పారు. చివరి పేరా మాత్రం ఒప్పుకోలేను.

'అభిప్రాయం' అన్న మాట అందరికీ ఒకే బరువుతో ఉండదు. పుట్టుకని బట్టి పని, స్థానం ఉండాలనే ఆలోచనను ఒకరు సిద్ధాంతంగా చదువుతారు, ఇంకొకరు తన తాతల మీద మోపిన బరువుగా చదువుతారు. రెండోవారిని 'పేజీ చూపించి వాదించు' అనడం న్యాయం కాదు. 14 మంది క్లబ్‌లో ఆ రెండో రకంవారు ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు.

కెరటం గారికి నేను చెప్పేది ఇది. మానేయడానికి మీకున్న కారణం ఏ రకమైందో చూసుకోండి. సమయం చాలకపోతే భాగం తగ్గించుకోవచ్చు. భాష కష్టమైతే పక్కన శబ్దరత్నాకరం నిఘంటువు పెట్టుకోవచ్చు, లేదా ఇంకొకరితో కలిసి రోజుకి పది పేజీలు పైకి చదువుకోవచ్చు. సమాసాలు కంటికన్నా చెవికి త్వరగా విడిపోతాయి. ఆలోచనతో పేచీ ఉండి, దాన్ని ఎదుర్కోవాలని ఉంటే చదవండి. కానీ చదువుతుంటే నొప్పి కలుగుతోందనుకోండి, ఈ పుస్తకమే కాదు, చావు, హింస, బిడ్డను పోగొట్టుకోవడం ఉన్న ఏ పుస్తకమైనా సరే, వదిలేయండి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నిర్వాహకులకి 'ఈ నెల నేను చదవడం లేదు' అని ఒక్క మెసేజ్ చాలు. ఎందుకని అడిగే హక్కు క్లబ్‌కి లేదు.

రెండోముద్రణ

ఒక్క సంగతి. చర్చకి పేజీ నంబర్లు పెట్టుకోకండి. ముద్రణ మారితే పేజీ మారుతుంది, ఒకరి 400 ఇంకొకరికి 370 అవుతుంది. అధ్యాయాల లెక్కన గీత గీయండి.

కొనేముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. పుస్తకం ఎన్ని రోజులు ఇస్తారో, గడువు పొడిగిస్తారో అప్పుడే తెలుసుకోండి. ఇంత లావు పుస్తకం సగంలో ఉండగా తిరిగి ఇవ్వాల్సి రావడం చాలా మంది చదువు ఆగిపోయే చోటు. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఫోన్లో చదువుదామనుకుంటే ముందు మధ్యలో రెండు మూడు చోట్ల తెరిచి చూడండి. పాత స్కాన్లలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, ఒత్తులు అలికినట్టు ఉంటాయి. స్కాన్ పేజీ బొమ్మ లాంటిది, అక్షరం పెద్దది చేస్తే వరస తెర దాటిపోతుంది, ప్రతి వాక్యానికీ పక్కకి జరపాలి. మూడు నిమిషాల పేజీ ఐదు నిమిషాలవుతుంది. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో చదువుకోవాలనుకునేవారికి మాత్రం అచ్చు పుస్తకం బరువు. నిలబడి ఒక చేత్తో పట్టుకోలేరు. బస్సుకి వేరే చిన్న పుస్తకం, ఇంటికి ఇది అని విడదీసుకోవడం మంచిది.

కెరటం

అందరికీ ధన్యవాదాలు. టైమర్ పెట్టి చూశాను. వర్ణన ఐదు పేజీలకు 19 నిమిషాలు, సంభాషణ ఐదు పేజీలకు 12. అంటే పది పేజీలకు 31. పాతఅట్ట గారి 440 నాకు ఇంచుమించు 425 అవుతుంది. నాకు నొప్పి లేదు, పేచీ మాత్రమే ఉంది, కాబట్టి చదవాలనే ఉంది. కానీ సగం కూడా చదవకుండా వెళ్లి కూర్చుంటే పూర్తిగా చదివినవారి చర్చ పాడవుతుందేమో?

సిరిపురం గోష్ఠి

పాడవుతుంది, కానీ మీరనుకునే కారణంతో కాదు.

సగం చదివినవారు ఒకరిద్దరు ఉంటే ఏ నష్టమూ లేదు. గదిలో సగం కన్నా ఎక్కువమంది చదవకుండా వస్తే, చర్చ పుస్తకాన్ని వదిలి రచయిత మీదికి పోతుంది. 29 రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించారట, పీవీ నరసింహారావు గారు 'సహస్రఫణ్' అని హిందీలోకి తెచ్చారు, 'రామాయణ కల్పవృక్షా'నికి జ్ఞానపీఠం వచ్చింది... ఇవన్నీ పుస్తకం తెరవకుండానే చెప్పగలిగిన మాటలు. ఆ తర్వాత 'మన సంస్కృతి' అని ఒకరు, 'ఛాందసం' అని ఇంకొకరు. రెండు గంటలు గడిచిపోతాయి, నవల్లోంచి ఒక్క వాక్యం కూడా ఎవరూ చదివి వినిపించరు.

దీన్ని ఆపే మార్గం ఉంది. వారం ముందు గ్రూపులో ఒక్క ప్రశ్న పెట్టమని నిర్వాహకులను అడగండి: ఎవరు ఏ అధ్యాయం దాకా వచ్చారు? మొహమాటపడకుండా చెప్పాలి. 14 మందిలో తొమ్మిది మంది సగం కూడా దాటలేదని తేలితే, ఆ రోజు చర్చ ఆ సగానికే పరిమితం చేసి, మిగతాది మరుసటి నెలకు పెట్టుకోవడం ఉత్తమం. నన్నడిగితే ఇంతటి నవలకి మొదటినుంచీ మూడు సమావేశాలు కేటాయించాలి. ఓటింగ్ పెట్టేటప్పుడే పేరు పక్కన పేజీల సంఖ్య రాసి, 350 దాటినవాటికి రెండు నెలల ముందు నోటీసు అని నియమం పెడితే సగం తలనొప్పి తగ్గుతుంది.

గడువు మార్చడానికి వాళ్లు ఒప్పుకోకపోతే మీరు ఇలా చేయండి. కూర్చోగానే 'నేను ఫలానా అధ్యాయం దాకా చదివాను' అని చెప్పండి. అంతవరకు జరిగిన దాని మీదే మాట్లాడండి. ముగింపు చెప్పవద్దని మాత్రం అడగకండి. మీ ఒక్కరి కోసం పదిమంది నోరు కట్టుకోవడం బాగుండదు. ముగింపు ముందే తెలియడం ఇష్టంలేకపోతే మొదటి గంట ఉండి లేచి వెళ్లండి, తప్పేమీ లేదు. టీకి పావుగంట పోతే 105 నిమిషాలు, 14 మందికి తలా ఏడున్నర నిమిషాలు వస్తాయి. మీ ఏడున్నరకి రెండు చోట్లు గుర్తు పెట్టుకుంటే చాలు: మీకు బాగా నచ్చిన ఒక పేరా, మీరు అస్సలు ఒప్పుకోలేని ఒక పేరా. రెండూ పైకి చదివి ఆ తర్వాత మాట్లాడండి. సగం చదివినవారు ఇలా తెచ్చిన పేరాల చుట్టూనే చర్చ బాగా నడుస్తుంది, ఎందుకంటే అందరి ముందూ అవే మాటలు ఉంటాయి.

ఇంకోమాట, ఇది మన ఊరి క్లబ్ కాబట్టి చెబుతున్నాను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని ఈ నవల, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు' కలిసి పంచుకున్నాయి. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే కూర్చుని, ఒకదాని తర్వాత ఒకటిగా ఈ రెండూ చదివితే, అదే కాలాన్ని ఇద్దరు రచయితలు ఎంత వేరుగా చూశారో తెలుస్తుంది. మీ నిర్వాహకులతో అనండి.

పాతఅట్ట

అల్లిపురం చదువరి గారూ, మీరన్నది నిజం. నొప్పికీ పేచీకీ మధ్య గీత నేను గీయలేదు, గీయాల్సింది. నా మాట పేచీ ఉన్నవారికే వర్తిస్తుంది.

కెరటం గారూ, 425 పేజీలంటే రోజువారీ లక్ష్యం పెట్టుకోకండి, వారానికి 85 అనుకోండి. రోజు లెక్క ఒక్కరోజు తప్పితే మనసు విరుగుతుంది, వారం లెక్కని ఆదివారం సర్దుకోవచ్చు. 85వ పేజీ అధ్యాయం మధ్యలో పడితే ఆ అధ్యాయం చివరిదాకా వెళ్లి ఆగండి. వర్ణన పేజీకి మీకు దాదాపు నాలుగు నిమిషాలు పడుతోంది కాబట్టి అవి పొద్దున్నే చదవండి, రాత్రి నిద్రమత్తులో సంభాషణలైతే సాగుతాయి.

కెరటం

నిర్వాహకులకు మెసేజ్ పెట్టాను. రెండు సమావేశాలకి ఒప్పుకున్నారు, మూడోది ఆలోచిస్తామన్నారు. మొదటి సమావేశానికి ఏ అధ్యాయం దాకా అన్నది ఈ ఆదివారం తేలుస్తారు. ద్వారకానగర్‌లో రేపు అడుగుతాను.