ఆగమన కాలం: మా ఇంట్లో రెండో వారానికే ఆగిపోతోంది, మీ ఇళ్లలో ఎలా?

బెజవాడ_అమ్మ
అందరికీ వందనాలు. ఈ నవంబరు 30 ఆదివారంతో ఆగమన కాలం మొదలు, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల సిద్ధపాటు. ప్రతి ఏడూ మొదటి ఆదివారం ఇల్లంతా కూర్చుంటాం. పళ్లెంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి ఒకటి వెలిగిస్తాం, కీర్తన పాడతాం. రెండో వారానికి మా ఆయనకు రాత్రి డ్యూటీ, అత్తయ్యకు నిద్ర, పెద్దవాడికి ఫోను. మూడో వారానికి నేనూ, ఆరేళ్ల పాపా మిగులుతాం. పోయిన ఏడు నాలుగో కొవ్వొత్తిని కరెంటు పోయినప్పుడు వంటింట్లో వాడేశాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మీరు నాలుగు వారాలూ ఎలా నిలబెడుతున్నారు? రోజూ ఏం చదువుతున్నారు? గులాబీ రంగు కొవ్వొత్తి దొరకలేదు, తెల్లది పెడితే తప్పా? అన్నిటికంటే ముఖ్యం, పదమూడేళ్ల వాడిని కసరకుండా కూర్చోబెట్టే దారి చెప్పండి.

సరుగుడు_కొమ్మ
కొవ్వొత్తుల రంగు తరువాత చూద్దురు గాని, ముందు చుట్టూ పెట్టే ఆకుల సంగతి. ప్లాస్టిక్ దండ కొనవద్దు. రెండేళ్ల కిందట మాది అంటుకుని కిటికీ పరదా సగం కాలింది. మా బాపట్ల వైపు క్రిస్మస్ చెట్టుకైనా, ఈ దండకైనా సరుగుడు కొమ్మే. అదీ వారానికి ఎండి చితుకులా తయారవుతుంది, కాబట్టి ప్రతి శనివారం మార్చాలి. పళ్లెంలో తడి ఇసుక పోసి కొవ్వొత్తులు గుచ్చితే పడవు.

గుణదల_కొండకింద
అక్కా, మూడు ఊదా రంగువి, ఒకటి గులాబీది. గులాబీది మూడో ఆదివారానికి. అది ఆనందించే ఆదివారం, ఆ రోజు మా కతోలిక పూజలో గురువులు కూడా గులాబీ రంగు వస్త్రం వేసుకోవచ్చు. తెల్లది మధ్యలో పెట్టి క్రిస్మస్ రాత్రి వెలిగిస్తారు. ముందే తెల్లది వెలిగిస్తే బాలయేసు పుట్టేసినట్టే కదా! మేము ఆగమనంలో ఆదివారం పూజలో మహిమ గీతం కూడా పాడం, క్రిస్మస్ కోసం దాచుకుంటాం.

లూథరన్_మాస్టారు
ముప్ఫయి రెండేళ్లుగా సండే స్కూలు నడుపుతున్నాను కాబట్టి ఈ రంగుల గొడవ నేను తేలుస్తాను. ఈ కొవ్వొత్తుల చక్రం పుట్టింది మా వాళ్ల దగ్గర. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విహెర్న్ అనే లూథరన్ పాదిరి పేదపిల్లల ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు ప్రాణం తీస్తుంటే ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టించాడు. ఆదివారాలకు పెద్దవి నాలుగు, మిగతా రోజులకు చిన్నవి. పెద్దవి ఏ రంగో తెలుసా? తెలుపు. చిన్నవి ఎరుపు. ఊదా, గులాబీ తరువాత వచ్చి చేరాయి. అమ్మా, నిశ్చింతగా తెల్లవే పెట్టుకోండి.

గుణదల_కొండకింద
మాస్టారూ, చక్రం మీదే కావచ్చు, కాదనను. ఊదా, గులాబీ మాత్రం మా పూజా వస్త్రాల రంగులు. బండిచక్రం లేనప్పుడు కూడా ఆగమన కాలం ఉంది.

లూథరన్_మాస్టారు
నేను కొవ్వొత్తుల గురించి చెబితే మీరు వస్త్రాల గురించి చెబుతున్నారు.

వాక్యమే_చాలు
ప్రైజ్ ది లార్డ్. ఊదా, తెలుపు, గులాబీ... బైబిల్లో ఆగమన కాలం ఎక్కడుంది? చూపించండి. మా ఇంట్లో కొవ్వొత్తీ లేదు, చక్రమూ లేదు. డిసెంబరు 1 నుంచి రాత్రి తొమ్మిదింటికి లూకా సువార్త రోజుకొక అధ్యాయం. 24 అధ్యాయాలు, 24 రోజులు. పదకొండేళ్లుగా ఒక్క రోజు తప్పలేదు.

లూథరన్_మాస్టారు
డిసెంబరు 25 ఎక్కడుంది తమ్ముడూ, అదీ చూపించు. మీ డాబా మీద నక్షత్రం వేలాడుతూనే ఉంటుంది కదా?

వాక్యమే_చాలు
నక్షత్రం మత్తయి రెండో అధ్యాయంలో ఉంది.

లూథరన్_మాస్టారు
రంగులు మారే లైట్లతోనా?

మెదక్_కోడలు
లూకా చదివే అన్నకు ఒక సందేహం. 24న మీరు చదివేది పునరుత్థానం. తెల్లవారితే పుట్టిన రోజు. పిల్లలు తికమక పడరా?

వాక్యమే_చాలు
ఎందుకు పుట్టాడో ముందు తెలుసుకుని, తరువాత పుట్టిన రోజు చేసుకుంటారు. అందులో తికమక ఏముంది?

మెదక్_కోడలు
సరే, ఆ జవాబు నాకు నచ్చింది. మా ఇంట్లో గొడవ వేరు. మా తోడికోడలిది కేరళ సిరియన్ క్రైస్తవ కుటుంబం. వాళ్లకు డిసెంబరు 1 నుంచి ఇరవై అయిదు రోజుల ఉపవాసం, మాంసం, చేప ముట్టరు. మా అత్తగారు సరిగ్గా అప్పుడే అరిసెలకు బియ్యం నానబోస్తుంది, ఆదివారం కోడికూర మామూలే. ఒకే వంటింట్లో ఒక పొయ్యి మీద పప్పుచారు, ఇంకో పొయ్యి మీద కోడి. అసలు ఆగమనం ఉపవాస కాలమా, పిండివంటల కాలమా?

డాలస్_నాన్న
ఇక్కడ అది చాక్లెట్ల కాలం. రోజుకొక గడి తెరిచి చాక్లెట్ తినే 24 గళ్ల అట్టపెట్టె కొంటే మా కవలలు మూడో తేదీకే ఖాళీ చేసి గళ్లన్నీ బుద్ధిగా మూసిపెట్టారు. పైగా ఆ పెట్టె ఎప్పుడూ డిసెంబరు 1నే మొదలవుతుంది, ఆగమనమేమో ఏడాదికొక తేదీ. 2023లో నాలుగో ఆదివారం 24వ తేదీనే వచ్చింది. ఉదయం నాలుగో కొవ్వొత్తి, సాయంత్రం క్రిస్మస్ ఆరాధన.

కువైట్_నర్సు
నాకు మీ ఆదివారాల లెక్కే కుదరదు. ఇక్కడ ఆదివారం పనిరోజు, మా తెలుగు ఆరాధన శుక్రవారం. పిల్లలు ఊళ్లో మా అమ్మ దగ్గర ఉన్నారు. ఇక్కడ సాయంత్రం ఆరయితే అక్కడ ఎనిమిదిన్నర. వీడియోలో వాళ్లు కొవ్వొత్తి వెలిగిస్తారు. మా గదుల్లో నిప్పు పెట్టనివ్వరు, నేను ఫోను టార్చి వేసి చూపిస్తాను. పోయిన ఏడు మూడో వారం అత్యవసర డ్యూటీ పడి ఫోను చేయలేకపోయాను. మరుసటి శుక్రవారం మా చిన్నది రెండు కొవ్వొత్తులు ఒకేసారి వెలిగించి, "మూడోది నీకోసం ఉంచాం" అంది.

గుణదల_కొండకింద
మెదక్ వదినా, ఆగమనం ఈస్టర్‌కు ముందు వచ్చే తపసు కాలం లాంటిది కాదు. సిద్ధపడే కాలం, అంతే. కానీ పదో తేదీకే సెమీ క్రిస్మస్ అని కేకు కోసి, బిర్యానీ తిని, 25 నాటికి "ఇంకేముంది" అనుకోవడం నాకు నచ్చదు.

సరుగుడు_కొమ్మ
సెమీ క్రిస్మస్ జోలికి రావద్దండి. మా ఆఫీసులో హిందువులు, ముస్లింలు, అందరూ కలిసి వచ్చి కూర్చునేది ఆ ఒక్క రోజే.

వాక్యమే_చాలు
మళ్లీ తిండి దగ్గరికే వచ్చారు.

లూథరన్_మాస్టారు
కారల్స్‌కు వచ్చిన రాత్రి మా ఇంట్లో నాలుగు కజ్జికాయలు తిని వెళ్లింది ఎవరు తమ్ముడూ? పేరు మార్చుకుంటే గుర్తుపట్టలేననుకున్నావా?

మెదక్_కోడలు
తిండి దగ్గరికి వచ్చారు కాబట్టే అడుగుతున్నాను. పోయిన ఏడు అరిసెలు రాయిలా వచ్చాయి. పాకం ముదిరిందంటారా?

సరుగుడు_కొమ్మ
ముదిరింది. నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి, అప్పుడే దించాలి. పిండి తడిగా ఉండాలి, ఆరనివ్వకూడదు.

బెజవాడ_అమ్మ
అందరికీ కృతజ్ఞతలు. విహెర్న్ గారు తెలిశారు, అరిసెల పాకమూ తెలిసింది. లూకా రోజుకొక అధ్యాయం మొదలుపెడతాను. మా ఆయన డ్యూటీకి వెళ్లేలోపు, ఆరింటికే కూర్చోవాలని నిర్ణయించాం, అప్పటికి అత్తయ్యా మెలకువగానే ఉంటుంది. కువైట్ చెల్లెమ్మా, మీరు రాసింది అత్తయ్యకు చదివి వినిపించాను. కానీ నా పెద్దవాడి గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు!

సరుగుడు_కొమ్మ
అగ్గిపెట్టె వాడి చేతికి ఇవ్వండి. వెలిగించేదీ, చివర ఆర్పేదీ వాడే. మావాడు అలాగే దారికొచ్చాడు.

డాలస్_నాన్న
పరదా కాలిందని రాసింది మీరే కదండీ?

సరుగుడు_కొమ్మ
వెలిగించింది నేనే. ఆర్పడం మరిచిపోయిందీ నేనే. అందుకే ఇప్పుడు మావాడు.

బెజవాడ_అమ్మ
ఆదివారం రాత్రి రాస్తున్నాను. వాడే వెలిగించాడు. వెంటనే ఆర్పేసి మళ్లీ వెలిగించాడు, మొదటిసారి వీడియో సరిగా రాలేదట. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కీర్తన పాడారు. లూకా మొదటి అధ్యాయం 80 వచనాలని ఎవరూ ముందుగా చెప్పలేదే! జెకర్యాకు మాట పడిపోయే దగ్గర ఆపేశాం. మిగతాది రేపు తనే చదువుతానన్నాడు, చూడాలి. కొవ్వొత్తి మాత్రం తెల్లదే.

లూథరన్_మాస్టారు
తెల్లదే సరైనది.

గుణదల_కొండకింద
మొదటి వారం ఊదా, మాస్టారూ.

వాక్యమే_చాలు
రోజుకొక అధ్యాయం అంటే మొత్తం అధ్యాయం అని.