క్యాట్ తీసేశాక వచ్చిన చెక్ ఇంజిన్ లైట్: ఆర్పించాలా వద్దా?

బెజవాడ_టర్బో:
నాది 2018 మోడల్ 1.2 టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పోయిన నెల స్టేజ్ 2 రీమ్యాప్ (పైపు కూడా మార్చిన బండికి పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ ఫైల్ మార్చడం) చేయించి, క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్, పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే పైపు) వేయించాను. పికప్ బ్రహ్మాండంగా ఉంది, కానీ వారం తిరక్కుండానే చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కానర్ పెడితే పీ0420, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ పని సరిగ్గా జరగట్లేదని. రీమ్యాప్ చేసినాయన ఆ కోడ్ ఈసీయూలోనే (ఇంజిన్ కంప్యూటర్) ఆపేస్తానంటున్నాడు. మా మెకానిక్ క్యాట్ వెనక ఉండే ఓటూ (ఆక్సిజన్) సెన్సర్‌కి లేత్ మీద స్పేసర్ (మధ్యలో పెట్టే గొట్టం ముక్క) చేయించి బిగిద్దామంటున్నాడు. ఏది మేలు? ఇలాగే లైట్‌తో తిరిగితే ఇంజిన్‌కి ఏమన్నా అవుతుందా?

కూకట్‌పల్లి_గేర్:
ఇంజిన్‌కి ఏమీ కాదు బ్రో, టెన్షన్ వద్దు. పెట్రోల్ ఎంత కొట్టాలో ఈసీయూకి చెప్పేది క్యాట్ ముందున్న సెన్సర్. వెనకది ఉన్నది క్యాట్ మీద కాపలాకే. క్యాట్ బాగుంటే దాని వోల్టేజ్ నిలకడగా ఉంటుంది, లేకపోతే ముందు సెన్సర్‌లాగే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది. నీకు జరుగుతున్నది అదే. స్పేసర్ వద్దు, అది సెన్సర్‌ని పొగ దారిలోంచి కాస్త బయటికి జరిపి మభ్యపెట్టడమే, కొన్నాళ్లు పనిచేసి మళ్లీ లైట్ వస్తుంది. కోడ్ ఆపించుకుని హాయిగా తిరుగు.

ఉప్పల్_పానా:
చాలా టర్బో బండ్లలో ముందుది వైడ్‌బ్యాండ్ (గాలి–పెట్రోల్ పాళ్లను కొలిచే వేరే రకం సెన్సర్) అన్నా, అది 0.1–0.9 మధ్య ఊగదు.

నల్లగొండ_రోడ్:
వెనక సెన్సర్ కాపలాకే అని అంత గట్టిగా ఎలా చెప్తారండీ? చాలా బండ్లలో ఈసీయూ వెనకదాని రీడింగ్ చూసి ముందుదాన్ని మెల్లగా సరిదిద్దుకుంటుంది. ముందు సెన్సర్ పాతబడి తప్పు చూపించడం మొదలుపెడితే పట్టుకునేది వెనకదే. దాన్ని స్పేసర్‌తో మోసం చేస్తే పెట్రోల్ లెక్క కూడా కొంత తేడా పడుతుంది. అడిగినాయన కొత్తవాడు, ఏమీ కాదు అని ఒక్క మాటలో తేల్చేయకండి.

కూకట్‌పల్లి_గేర్:
స్పేసర్ వద్దనే కదా నేను కూడా రాసింది! రీమ్యాప్ తెలిసినవాడైతే కోడ్‌తో పాటు ఆ వెనక సెన్సర్ దిద్దుబాటును కూడా ఫైల్‌లో చూసుకుంటాడు. ఇంకో సంగతి, లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే రేపు నిజంగా వేరే సమస్య వచ్చినా నీకు తెలిసేది ఎలా? ఆ ఒక్క పీ0420 ఆపిస్తేనే లైట్ మళ్లీ పనికొస్తుంది.

నల్లగొండ_రోడ్:
తెలిసినవాడైతే. ఒక్క కోడ్ ఆపమంటే సెన్సర్ హీటర్ కోడ్, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) కోడ్ అన్నీ కలిపి ఆపేసేవాళ్లున్నారు, కస్టమర్ మళ్లీ మళ్లీ రాకుండా. మిస్‌ఫైర్ అయినప్పుడు లైట్ ఠపఠపా కొట్టుకోవాలి, అదీ రాకపోతే ఇంజిన్ పోయాకే తెలుస్తుంది.

గుంటూరు_ఎల్‌పీజీ:
ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోయించినప్పటి నుంచి నాకూ లైట్ వస్తోంది, ఇదేనా?

ఉప్పల్_పానా:
ఊహించడం వద్దు, స్కాన్ చేయించండి. పీ0171 అయితే లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అని, దానికి వేరే వెతకాలి.

ఫ్రీమాంట్_తెలుగు:
కాలిఫోర్నియాలో 2000 మోడల్, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు స్మాగ్ చెక్ (అక్కడి పొల్యూషన్ టెస్టు) అంటే ముఖ్యంగా ఓబీడీ పోర్టుకి (స్కానర్ తగిలించే సాకెట్) ప్లగ్ పెట్టడమే. లైట్ వెలిగితే ఫెయిల్. 2021 జూలై నుంచి సాఫ్ట్‌వేర్ మార్చారా అని కూడా చూస్తున్నారు. కోడ్ ఆపించిన ఫైల్ ఉంటే బండి రోడ్డెక్కదు.

కూకట్‌పల్లి_గేర్:
అమెరికా సంగతి ఇక్కడెందుకు అన్నా? మన పొల్యూషన్ టెస్టులో సైలెన్సర్‌లోకి గొట్టం పెట్టి సీఓ (కార్బన్ మోనాక్సైడ్), హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) చూస్తారు. ఓబీడీ పోర్టు జోలికే పోరు.

నల్లగొండ_రోడ్:
జోలికి పోరు కాబట్టి చేసెయ్యొచ్చా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) చదవండి. పొల్యూషన్ ప్రమాణాలు దాటితే మొదటిసారికే 3 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ కూడా 3 నెలలు పోతుంది.

కూకట్‌పల్లి_గేర్:
చట్టం నాకు చెప్పకు. ఈ లైట్ ఎవరి కోసం వెలుగుతుందో నాకు బాగా తెలుసు. నా పాత కారు, ఒక్క మార్పు కూడా చేయించనిది, లైట్ వచ్చిందని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఓటూ సెన్సర్ మార్చారు. మళ్లీ వెలిగింది. ఈసారి క్యాట్ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. చివరికి రోడ్డు పక్క మెకానిక్ చూస్తే మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాలు) దగ్గర గాస్కెట్ లీక్. గాస్కెట్ మార్చాక మళ్లీ లైట్ రాలేదు. ఆ సెన్సర్ డబ్బు ఎవరిస్తారు నాకు?

నల్లగొండ_రోడ్:
అందులో లైట్ తప్పేముంది? లీక్‌లోంచి బయటి గాలి లోపలికి వస్తే సెన్సర్ ఆక్సిజన్ ఎక్కువుందని చూపిస్తుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. ఏదో తేడా ఉందని లైట్ చెప్పింది, ఉంది కూడా. పొగ పెట్టి లీక్ వెతక్కుండా పార్టు మార్చినవాళ్లది తప్పు. ఆ కోపంతో ఇక్కడ పిల్లలందరికీ లైట్ ఆర్పించుకోమని చెప్తే ఎలా?

కూకట్‌పల్లి_గేర్:
పిల్లలెవరు ఇక్కడ? నీకు మాడిఫికేషన్ అంటేనే పడదు, సూటిగా అది చెప్పు.

నల్లగొండ_రోడ్:
సూటిగానే చెప్తాను. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. మీటర్‌లో ఒక్క లైట్ లేదు, స్కానర్ పెడితే ఒక్క కోడ్ లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు లోపల వాసన, మా అమ్మకి ఆస్తమా, దగ్గు ఆగేది కాదు. ర్యాంప్ ఎక్కిస్తే క్యాట్ డబ్బా కోసి లోపలిదంతా తీసేసి మళ్లీ వెల్డింగ్ చేసి ఉంది, వెనక సెన్సర్‌కి స్పేసర్, పైపు జాయింట్ దగ్గర లీక్. అమ్మినవాడు ఒక్క మాట అనలేదు. కొత్త క్యాట్ నా డబ్బుతో వేయించాను. ఇలాంటి సలహా చదివే కదా వాడూ చేయించింది.

కూకట్‌పల్లి_గేర్:
నిన్ను మోసం చేసింది వాడు, నేను కాదు. నా బండి నేను అమ్మను. నా డబ్బు, నా బండి, నా ఇష్టం.

నల్లగొండ_రోడ్:
బండి నీదే. దాని పొగ నీ బండిలోనే ఉంచుకుంటావా? నీ వెనక బైక్ మీద పిల్లని కూర్చోబెట్టుకుని ఆగినవాడికి పోతుంది అది.

కూకట్‌పల్లి_గేర్:
పాత లారీలు, నీళ్ల ట్యాంకర్లు నల్లగా కక్కుతుంటే నీకు నా కారే కనిపించిందా?

నల్లగొండ_రోడ్:
లారీ పొగ కనిపిస్తుంది, జనం ముక్కు మూసుకుంటారు. సీఓకి రంగు లేదు, వాసన లేదు, ముక్కు మూసుకోవాలని కూడా తెలియదు.

ఉప్పల్_పానా:
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయనకి దారి చెప్పండి. 200 సెల్ హై ఫ్లో క్యాట్ (లోపలి రంధ్రాలు పెద్దవిగా ఉండి పొగ సులువుగా పోయే క్యాట్) ఉన్న డౌన్‌పైప్ వేస్తే పవర్‌లో పెద్ద తేడా ఉండదు. కాకపోతే కొన్ని బండ్లలో దానికి కూడా పీ0420 వస్తుంది.

కూకట్‌పల్లి_గేర్:
చూశారా, అప్పుడూ కోడ్ ఆపించాల్సిందే.

నల్లగొండ_రోడ్:
అప్పుడు ఆపించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. లోపల క్యాట్ ఉంటుంది కదా. అమ్మే రోజు కొనేవాడికి మాత్రం చెప్పి అమ్మండి.

బెజవాడ_టర్బో:
నా పాత డౌన్‌పైప్ క్యాట్‌తో సహా ఇంట్లోనే ఉంది. హై ఫ్లో క్యాట్ దొరికేదాకా అది బిగించి ఇదే ఫైల్ మీద తిరగొచ్చా?

కూకట్‌పల్లి_గేర్:
వద్దు బ్రో. స్టేజ్ 2 ఫైల్ మీద పాత పైప్ వేస్తే వెనక ప్రెషర్ పెరిగి టర్బో వేడెక్కుతుంది. ముందు స్టేజ్ 1 ఫైల్ (కంపెనీ పైపుతోనే నడిచేది) వేయించుకో, చాలామంది దానికి మళ్లీ డబ్బులు తీసుకోరు, అడుగు. పాత పైప్ బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయించు, సెన్సర్ దగ్గర సిలికాన్ మాత్రం పూయనివ్వకు, సెన్సర్ పాడైపోతుంది.