పాత రైసు మిల్లుల సిమెంటు రేకులు దింపే కూలీలకు ఏ నిబంధన వర్తిస్తుంది?

ప్రశ్న: రేకుల మేస్త్రీ, పెనుగొండ దగ్గర

అందరికీ నమస్కారం. తణుకు, పెనుగొండ, మార్టేరు చుట్టుపక్కల పాత రైసు మిల్లుల మీద సిమెంటు రేకులు దింపి ఇనుప రేకులు వేసే ఎనిమిదిమంది ముఠాకు నేను ఇరవై రెండేళ్లుగా మేస్త్రీని. హుక్కు బోల్టులు తుప్పుపట్టి ఊడిరావు గనుక కటింగ్ మిషనుతో రేకునే కోస్తాము. సాయంత్రానికి చెమటకు అంటిన తెల్లదుమ్ము మోచేతుల దగ్గర సున్నం పూసినట్టు గట్టిపడుతుంది. ముక్కుకు తువ్వాలు తప్ప మరేమీ ఉండదు. మాతో పనిచేసిన పెద్దాయన ఒకరికి ఈ ఏడాది ఆయాసం ముదిరి నాలుగు మెట్లు కూడా ఎక్కలేకపోతున్నారు. చుట్టలు తాగినందువల్లనే అంటున్నారు అందరూ. ఈ రేకుల్లో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుందని, దాని ఫ్యాక్టరీల్లో పనివారికి పరీక్షలు, రికార్డులు ఉంటాయని విన్నాను. మాబోటివారికి ఏముందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: విశ్రాంత భద్రతాధికారి, కాకినాడ

మేస్త్రీగారూ, మీరు విన్నది నిజమే. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆస్బెస్టాస్ కార్మికుని ఆరోగ్య రికార్డును, అతడు పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, ఈ రెండింటిలో ఏది తరువాత వస్తే అంతవరకు యాజమాన్యం భద్రపరచాలి. అయితే హాజరుపట్టీలో పేరున్నవారికే ఆ రికార్డు మొదలవుతుంది. మీ ముఠా ఎనిమిదిమందిదే కావడం మరో చిక్కు; 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) కూల్చివేతను కూడా నిర్మాణపనిగానే లెక్కించేది గానీ, పదిమందికి తక్కువ ఉన్న చోటికి అది వచ్చేది కాదు.

పరిమితుల సంగతికి వస్తే, అమెరికాలో 1994 నుంచి ఘనపు సెంటీమీటరు గాలికి 0.1 ఆస్బెస్టాస్ పోగు మించరాదన్న నియమం ఉంది, ఐరోపా సమాఖ్య 2023లో తన పరిమితిని 0.01కి దించింది. ఎనిమిది గంటల పనిలో మనిషి సుమారు పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు కనుక, 0.1 దగ్గర కూడా రోజుకు పదిలక్షల పోగులు లోపలికి పోతాయి. మిషను చక్రం రేకును తాకినచోట గాలి ఆ లెక్కలో ఉంటుందని అనుకోకండి. రేకుకు బదులు బోల్టు తెగేలా చూడండి. తుప్పుకు ముందురోజు నూనె పోసి, బోల్టు కట్టరుతో తుంచి, రేకును సబ్బునీటితో తడిపి, విరగకుండా తాడుతో దించాలి. పడ్డ ముక్కలను పొడి చీపురుతో ఊడ్చవద్దు. మనవైపు వాటిని చేలదారుల గుంటల్లో పోస్తారు. ట్రాక్టరు చక్రాల కింద నలిగి అవే మళ్లీ పొడి అవుతాయి.

జవాబు: ఊపిరితిత్తుల వైద్యుడు, రాజమహేంద్రవరం

తువ్వాలు ఈ పోగులను ఆపదు. ముఖానికి బిగుతుగా అమరే పీ 100 వడపోత మాస్కు కావాలి. ఆస్బెస్టాస్ జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు కనుక ఈనాటి ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. అయినా ఎక్స్‌రే, శ్వాస సామర్థ్య పరీక్ష ఇప్పుడే చేయించి ఆ ఫిల్ములను ఇంట్లో దాచుకోండి, తరువాత పోల్చి చూడటానికి ఇవే ఆధారం. ఆ పెద్దాయన విషయంలో పొగాకును ఒక్కదానినే దోషిగా నిలబెట్టడం సరికాదు, ఎందుకంటే పొగాకు, ఆస్బెస్టాస్ కలిసినప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు రెండింటి మొత్తం కన్నా ఎక్కువగా పెరుగుతుంది. వైద్యునికి ఆయన చేసిన పని ఏమిటో తప్పక చెప్పండి. అడిగే తీరిక మాలో చాలామందికి ఉండదు. పనిబట్టలు ఇంటికి తేకండి, ఉతికే ఇల్లాలికి కూడా ఈ జబ్బులు వచ్చిన దాఖలాలు ఉన్నాయి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నష్టపరిహారం అడగాలంటే ఏ మిల్లు యజమానిని అడగాలి? ఇన్నేళ్లలో ముప్పైకి పైగా మిల్లులు అయ్యాయి.

జవాబు: విశ్రాంత భద్రతాధికారి, కాకినాడ

1923 నాటి నష్టపరిహార చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) మూడవ షెడ్యూలులో ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరు రెండూ ఉండేవి. ఒకరికి మించి యజమానులుంటే, పరిహారం తేల్చే కమిషనరు న్యాయమనుకున్న వంతుల్లో అందరూ చెల్లించాలని అదే చట్టం చెప్పింది. ఏ మిల్లు, ఏ సంవత్సరం, ఎన్ని రోజులు అన్నది మీరే చూపించాలి కనుక ఈ రాత్రే ఒక నోటుపుస్తకం పెట్టి, గుర్తున్నవన్నీ రాసి, ముఠావారి చేత సంతకాలు చేయించండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

రాయడం మొదలుపెట్టానండి, పదకొండు మిల్లులు గుర్తుకొచ్చాయి. మొదటిది మార్టేరు దారిలోది. ఆ యజమాని పోయారు, మిల్లు పడగొట్టి కళ్యాణమండపం కట్టారు. దానినీ రాయమంటారా?

జవాబు: విశ్రాంత భద్రతాధికారి, కాకినాడ

రాయండి. మిల్లు పాత పేరు, ఇప్పుడు అక్కడున్న మండపం పేరు రెండూ రాసి, ఆ రేకులు దింపిననాడు మీతో కప్పు మీద ఉన్నవారి పేర్లు ఎదురుగా వేయండి.